ఫొటోలో కనపడని కత్తి

చేత్తో చేసిన కత్తి ఫొటో చూసి "ఎంత మంచి కత్తో" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అందంగా ఉందనండి, ఒప్పుకుంటాను. పిడి కలప బాగుందనండి, రివెట్లు తిన్నగా కూర్చున్నాయనండి, అదీ నిజమే కావచ్చు. కానీ అది మంచి కత్తి అవునో కాదో తేల్చేవి రెండే రెండు. అంచుకి సరిగ్గా పైన రేకు, అంటే బ్లేడు, ఎంత పలచగా ఉంది అనేది ఒకటి. ఆ ఉక్కుని ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, మళ్ళీ ఎంత వేడి చేశారు అనేది రెండోది. ఈ రెండూ ఫొటోలో పడవు. వీడియోలోనూ పడవు. వీడియోలో పడేవి నిప్పురవ్వలు, సుత్తి చప్పుడు, నూనెలో ముంచగానే భగ్గున లేచే మంట. కత్తులు చేయడం హాబీగా పెట్టుకున్న మాలాంటివాళ్ళు కెమెరాకి కనపడే పనుల మీద నెలలు ఖర్చుపెట్టి, కనపడని రెండింటినీ తొందరగా తేల్చేస్తున్నారని నా ఆరోపణ.

మా బంధువుల్లో ఒకాయన ఆన్‌లైన్‌లో ఒక "హ్యాండ్ ఫోర్జ్‌డ్ డమాస్కస్" (సుత్తితో సాగగొట్టిన, గీతల ఉక్కు) వంటింటి కత్తి తెప్పించాడు. ధర విని వాళ్ళావిడ కొన్నాళ్ళు మాట్లాడలేదు. రేకు నిండా అలలు అలలుగా గీతలు, పిడికి ఇత్తడి పిన్నులు, తోలు ఒర. చేతిలోకి తీసుకుంటే బరువు. మందం కొలిచే కాలిపర్ పెట్టి చూస్తే వీపు (అంచుకి ఎదుటి వైపు) 4.5 మిల్లీమీటర్లు, అంచుకి పైన మిల్లీమీటరు దాటి ఉంది. దాంతో క్యారెట్ కోస్తే సగం దాకా దిగి, మిగతా సగం టక్కున పగిలి ఎగిరిపడింది. మా అమ్మ ఆ ముక్క ఏరి, కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉందిరా, కొబ్బరికాయలు కొట్టుకోవచ్చు" అంది.

కత్తి పదునుగా లేక కాదు. ముంజేతి వెంట్రుకలు గీకేంత పదునుంది. కోసేటప్పుడు కత్తి రెండు పనులు చేస్తుంది. ముందు అంచు తెంచుతుంది. ఆ తర్వాత వెనక వచ్చే రేకు, తెగిన రెండు ముక్కల్నీ చెరో పక్కకి నెట్టుకుంటూ దిగుతుంది. మొదటి పనికి పదును కావాలి, రెండో పనికి పలచదనం కావాలి. టమాటా మెత్తనిది కాబట్టి జరిగి దారిస్తుంది. క్యారెట్, బీట్‌రూట్, కంద, గుమ్మడి దారివ్వవు. లావు రేకు వాటిని కోయదు, చీలుస్తుంది. అలాంటి కత్తిని సానరాయి మీద ఎంత రుద్దినా లాభం లేదు. సాన పట్టేది అంచుని, అడ్డుపడేది దాని వెనకున్న లావు. వంటింటి కత్తికి అంచు పైన మందం అర మిల్లీమీటరు లోపే ఉండాలి, పావు దాకా దింపగలిగితే ఇంకా మంచిది. వీపు పిడి దగ్గర 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు చాలు, అక్కణ్ణుంచి మొన వైపు క్రమంగా సన్నబడాలి. లావుగా ఉంటే గట్టిగా ఉంటుందని మనకో నమ్మకం. అది గొడ్డలికి వర్తిస్తుంది.

అందుకని డిజైన్ అంటే కాగితం మీద సొగసైన వంపు గీయడం అనుకోను. నా డిజైన్ కూరగాయల సంచీతో మొదలవుతుంది. ఈ కత్తితో ఎవరు, ఏం కోస్తారు? యూట్యూబ్‌లో కనపడే షెఫ్ నైఫ్ ఆకారాలు ఎక్కువగా యూరప్ వంటిళ్ళ అవసరాల్లోంచి వచ్చినవి. జపాన్ కత్తులు వాళ్ళ చేపల్లోంచి, వాళ్ళ ముల్లంగిలోంచి వచ్చాయి. మన ఇంట్లో కోసేవి వేరు. దొండకాయ చక్రాలు, బెండకాయ, కట్టలు కట్టలు గోంగూర, తోటకూర, పీచున్న మునక్కాడ, చేతికి దురద పెట్టే కంద, తొక్క గట్టిగా ఉండే గుమ్మడి, కుప్పలు కుప్పలుగా ఉల్లిపాయలు. వీటికి కావలసిన కత్తిని ఇంకో దేశపు కేటలాగ్ చూసి గీస్తే ఎలా కుదురుతుంది?

మన దగ్గర ఇదివరకే ఒక గొప్ప డిజైన్ ఉంది. కత్తిపీట. దాన్ని పాతకాలపు సామాను కింద అటకెక్కించాం కానీ, పనిముట్టుగా అది చాలా తెలివైనది. రేకు కదలదు, కాయ కదులుతుంది. పీటని కాలితో తొక్కి పట్టుకుంటాం కాబట్టి రెండు చేతులూ ఖాళీ. గుమ్మడికాయని రెండు చేతులతో పట్టి ఒంటి బరువు వేసి నొక్కొచ్చు. రేకు వంపు తిరిగి ఉండడం వల్ల, కాయని తిన్నగా తోసినా అంచు దాని మీద ఏటవాలుగా జారుతుంది, ఒత్తిడికి కోత కూడా తోడవుతుంది. చేపల మార్కెట్లో ఆడవాళ్ళు పెద్ద కత్తిపీట ముందు కూర్చుని బొచ్చెనో శీలావతినో పొలుసు తీసి, తల వేరు చేసి, ముక్కలు కొట్టేటప్పుడు కాసేపు నిలబడి చూడండి. మాటల మధ్యలో, డబ్బులు లెక్కపెట్టుకుంటూ కోస్తారు. ఆ రేకుని ఫొటో తీసి పెడితే ఎవరూ పట్టించుకోరు. నల్లగా, గీతలు పడి, అరిగిపోయి ఉంటుంది. పని మాత్రం చూశారుగా.

ఇంకో ఉదాహరణ ఆవకాయ కత్తి. ఎండాకాలంలో మార్కెట్లో మామిడికాయలు ముక్కలు కొట్టిచ్చేవాళ్ళ దగ్గర ఉంటుంది, ఒక చివర చెక్కకి బిగించి, రెండో చివర పిడి పట్టుకుని దించేది. టెంకతో సహా చీల్చాలి కాబట్టి దానికి లావు ఉండి తీరాలి. దాంతో ఉల్లిపాయ తరగలేం, తరగాల్సిన పనీ లేదు. ఒకే ఉక్కు, ఒకే కమ్మరి, పని మారితే మందం మారింది. "అన్ని పనులకీ పనికొచ్చే కత్తి" అని ఎవరైనా అమ్ముతుంటే నాకు అనుమానం అందుకే.

కత్తిపీట వాడిన చేతికి నిలబడి కోసే కత్తి ఇవ్వాలంటే నేను గీసే ఆకారం సుమారుగా ఇలా ఉంటుంది. రేకు 6 లేదా 6.5 అంగుళాలు. మన గట్ల మీద స్టవ్, మిక్సీ, డబ్బాలు పోగా చెక్క పెట్టుకోవడానికి మిగిలే చోటు తక్కువ, 8 అంగుళాల కత్తి గోడకి తగులుతుంది. పిడి పట్టుకున్న వేళ్ళ కణుపులు చెక్కకి తగలకుండా రేకు వెడల్పు 1.75 అంగుళాల వరకు. అంచు మడమ వైపు, అంటే పిడి దగ్గర, కొంచెం తిన్నగా, మొన వైపు కత్తిపీటని గుర్తు చేసే వంపు. ఆకుకూర తరగడానికి ఆ తిన్నటి భాగం, దొండకాయ లాగి కోయడానికి వంపు. ఉక్కు ముట్టుకునే ముందు ఈ ఆకారాన్ని అట్టముక్కలోనో పలచని ప్లైవుడ్‌లోనో కోసి, అమ్మ చేతికిచ్చి ఉత్తుత్తిగా తరిగించి చూస్తాను. పిడి లావు ఎక్కువైందో తక్కువైందో ఆవిడ ముఖం చూస్తే తెలుస్తుంది. మగవాళ్ళ అరచేతి కొలతతో పిడి చేసి ఆడవాళ్ళకి అమ్మే పద్ధతి ఫ్యాక్టరీ వాళ్ళది, మనమూ అదే చేస్తే ఇక చేత్తో చేయడం దేనికి?

కొలతల మాటొచ్చింది కాబట్టి చట్టం సంగతి కూడా. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింది నిబంధనల్లో 9 అంగుళాలకి మించిన పొడవు, లేదా 2 అంగుళాలకి మించిన వెడల్పు ఉన్న రేకులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ ఇతర వృత్తి పనులకీ చేసినవాటిని మినహాయించి. వంటింటి కత్తి చేసేవాడికి భయం లేదు. బాకులూ కత్తులూ చేసి రీల్స్‌లో తిప్పాలని సరదా పడేవాళ్ళు మాత్రం ముందు ఆ నిబంధనలు చదువుకుంటే మంచిది.

ఇక సుత్తి దగ్గరకొద్దాం. ఇక్కడ నేను చెప్పేది నాతో పాటు కొలిమి దగ్గర నిలబడే మిత్రులకి నచ్చదు. సాగగొట్టిన కత్తి, పట్టీలోంచి కోసి గ్రైండ్ చేసిన కత్తి కన్నా గొప్పదేమీ కాదు. ఉక్కు ఒకటే, మందం ఒకటే, కాల్చి చల్లార్చిన తీరు ఒకటే అయితే, కోసేటప్పుడు తేడా ఎవరూ కనిపెట్టలేరు. "సుత్తి దెబ్బలకి అంచులో ఉక్కు దగ్గరపడుతుంది, అందుకే పదును నిలుస్తుంది" అని ఎంతోమంది చెప్తారు. పెద్దవాళ్ళు కూడా. కానీ ఉక్కు అలా దగ్గరకి నొక్కుకుపోయే పదార్థం కాదు, ఒక పక్క కొడితే ఇంకో పక్కకి సాగుతుంది, అంతే. పైగా మితిమీరిన వేడిలో కొడుతూ పోతే లోపలి రేణువులు పెరిగి ఉక్కు పెళుసు అవుతుంది. ఆ తర్వాత కాల్చి గాలికి ఆరబెట్టే పనితో దాన్ని సరిచేసుకోవాలి. అంటే సుత్తి చేసిన మేలు కన్నా, సుత్తి వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చుకోవడమే పని.

మరి నేనెందుకు సాగగొడతానంటే, లోహం వృథా కాదు. ఎనిమిది మిల్లీమీటర్ల పట్టీని రెండున్నరకి గ్రైండ్ చేస్తే మూడింట రెండొంతులు దుమ్మయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, సుత్తితో అదే లోహం పొడవూ వెడల్పూ అవుతుంది. వీపుని మొన వైపు సన్నగా దింపడం సుత్తితో తేలిక. వీటన్నిటికీ మించి, నాకిష్టం. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, రాసిన మెయిల్‌కి జవాబు రాక టెన్షన్ పడేవాడికి, కొడితే వెంటనే ఆకారం మార్చుకునే వస్తువు దొరకడం ఎంత సుఖమో చెప్పలేను. ఇష్టమని చెప్పుకుంటే సరిపోతుంది. దానికి లేని సైన్సు తగిలించక్కర్లేదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఊరి చివర స్నేహితుడి రేకుల షెడ్డు, నిప్పు ఇటుకలు, ఒక చిన్న బ్లోయరు, ఇస్త్రీవాళ్ళు వాడే కర్ర బొగ్గులు. రాక్షసి బొగ్గు ఎక్కువ వేడినిస్తుంది కానీ పొగ, గంధకం, పక్కింటివాళ్ళ గొడవ. దాగలికి, అంటే ఉక్కుని ఆనించి కొట్టే దిమ్మెకి, చాలామంది రైలు పట్టా ముక్క వెతుకుతారు. ఎక్కడిదో తెలియని పట్టా ముక్క ఇంట్లో ఉంటే అది రైల్వే ఆస్తి కింద కేసయ్యే వ్యవహారం, 1966 నాటి చట్టమే ఉంది. పాత ఇనప కొట్టులో దొరికే బరువైన ఉక్కు దిమ్మె చాలు, పైభాగం చదునుగా ఉంటే అయిపోయింది. జింకు పూత ఉన్న గొట్టాలు, బోల్టులు కొలిమి దగ్గరకే రానివ్వద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

ఉక్కు కోసం విజయవాడవాళ్ళం వెతుక్కోనక్కర్లేదు, ఆటోనగర్ ఉంది. లారీల పాత కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కాటా లెక్కన దొరుకుతాయి. పల్లెల్లో కమ్మరులు కొడవళ్ళూ కత్తులూ చేసేది కూడా చాలావరకు వీటితోనే. మంచి ఉక్కే. సుమారు అర శాతం పైచిలుకు కార్బన్, ఎక్కువగా సిలికాన్, మాంగనీస్ ఉన్న రకాలు, కొన్నింట్లో క్రోమియం. చిక్కేమిటంటే మీ చేతిలో ఉన్న పట్టీ ఏ రకమో దాని మీద రాసి ఉండదు. పైగా లక్షల సార్లు వంగి లేచిన పట్టీ. కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు, కొలిమిలో కనపడకుండా ఉండి నూనెలో ముంచాక బయటపడొచ్చు. గ్రైండర్‌కి ఆనించి నిప్పురవ్వలు చూస్తే కార్బన్ ఎక్కువో తక్కువో తెలుస్తుంది. చివర్లు పువ్వుల్లా ఎక్కువగా చిట్లితే ఎక్కువ కార్బన్. మిగతా సంగతులు రవ్వలు చెప్పవు. అందుకే ఆ పట్టీ చివర్లోంచి చిన్న ముక్క కోసి, ముందు దాన్ని కాల్చి, ముంచి, వైస్‌లో బిగించి విరగ్గొట్టి చూడాలి. విరిగిన చోట బూడిదరంగులో నున్నగా ఉంటే సరైన వేడి. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైంది. ఈ పరీక్షకి ఖర్చు లేదు. అయినా చేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే విరిగిన ముక్కని ఎవరూ లైక్ చెయ్యరు.

పాత ఇనుముకి కొత్త ప్రాణం పోశాం అనే మాట వినడానికి బాగుంటుంది. మొదటిసారి చేసేవాడికి మాత్రం నేను ఆ సలహా ఇవ్వను. పేరు తెలిసిన ఉక్కు కొనుక్కోండి. బేరింగులకి వాడే ఈఎన్31 మన పారిశ్రామికవాడల్లో దొరుకుతుంది. సుమారు 1 శాతం కార్బన్, ఒకటిన్నర శాతం దాకా క్రోమియం. ఎంత వేడికి కాల్చాలో పుస్తకాల్లో ఉంటుంది. కత్తి సరిగా రాకపోతే కారణం ఉక్కా, మీరా అనే అనుమానం ఉండదు.

ఇప్పుడు అసలు పని. ఉక్కుని కాలుస్తూ పోతే సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం దాన్ని పట్టడం మానేస్తుంది. కొలిమి పక్కన తీగకి వేలాడే చిన్న అయస్కాంతం, వేల రూపాయల మీటరు చేసే పనిలో సగం చేస్తుంది. మిగతా సగం రంగు చూసి ఊహించాలి, ఎందుకంటే అయస్కాంతం వదిలేసిన చోటే ఆగితే చాలదు. ఈఎన్31కి ఇంకో 40, 50 డిగ్రీలు పైకి వెళ్ళాలి, సిలికాన్ ఎక్కువున్న కమాను ఉక్కుకి 850 దాటాలి. ఆ కాస్త తేడాని ఎండలో కనిపెట్టడం అసాధ్యం. కొలిమిని నీడలో, ఇంకా చెప్పాలంటే సాయంత్రం చీకటి పడేవేళ పెట్టుకోమనేది అందుకే. ముంచే ముందు ఇలా కాల్చి గాలికి ఆరబెట్టడం, ప్రతిసారీ వేడి కొంచెం తగ్గించుకుంటూ, రెండు మూడు సార్లు చేయాలి. సుత్తి వల్ల పెరిగిన రేణువులు చిన్నవవుతాయి. పావుగంట పని. వీడియోల్లో దీన్ని కత్తిరించేస్తారు, ఎందుకంటే ఒక ఎర్రటి పట్టీ నల్లబడటం తప్ప చూడ్డానికి ఏమీ లేదు.

ముంచేది నూనెలో. 50, 60 డిగ్రీలకి వేడిచేసిన నూనె. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగదు. మామూలు వంటనూనె పనికొస్తుంది. ఇనప డబ్బాలోనే పోయాలి, ప్లాస్టిక్ బకెట్లో కాదు. మూత చేతికందేలా ఉండాలి, మంట లేస్తే మూత పెట్టాలి కానీ నీళ్ళు పొయ్యకూడదు. బయటికి తీశాక ఆకురాయితో గీస్తే జారిపోవాలి, పట్టకూడదు. పట్టిందంటే ఉక్కు గట్టిపడలేదు. జారిందంటే గాజులా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉంది. కింద పడితే విరుగుతుంది. అప్పుడు దాన్ని 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్ళీ రెండు గంటలు ఉంచాలి. కేకులు చేసుకునే ఓవెన్ చాలు, లోపల వేరే థర్మామీటరు పెట్టి చూసుకోవాలి, ఓవెన్ బటన్ చెప్పేదాన్ని నమ్మకూడదు. కొంచెం గట్టితనం వదులుకుని, విరక్కుండా నిలిచే గుణం సంపాదించుకోవడం ఇది. గట్టితనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో కమాను ఉక్కు 56, 58 దగ్గర, ఈఎన్31 అయితే 60 దగ్గర ఆగుతుంది.

విజయవాడకి దగ్గర్లో ఒక పల్లెలో కొడవళ్ళు చేసే ఆచారి గారి దగ్గర ఓవెనూ లేదు, థర్మామీటరూ లేదు. ఆయన పద్ధతి చూశాక ఈ ప్రక్రియ నాకు పుస్తకం కన్నా బాగా అర్థమైంది. కొడవలిని కాల్చి అంచు వరకే నీళ్ళలో ముంచుతాడు. వీపు ఇంకా ఎర్రగానే ఉంటుంది. బయటికి తీసి, రాయితో అంచుని గబగబా రుద్ది మెరిసేలా చేసి, చూస్తూ ఉంటాడు. వీపులోని వేడి అంచు వైపు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, తర్వాత వంగపండు రంగు, చివరికి నీలం. గడ్డి రంగు అంటే 220, 230 డిగ్రీలు, నీలం అంటే 300 దగ్గర. ఆయన కావలసిన రంగు అంచుకి చేరగానే మొత్తం నీళ్ళలో వేసేస్తాడు. నా నాలుగు గంటల పని ఆయనకి నిమిషం పట్టదు. ఏ రంగు దగ్గర ఆపాలో ఎలా తెలుస్తుంది ఆచారి గారూ అంటే, "కంకరనేలకి పోయే కొడవలికి ఒకటి బాబూ, నల్లరేగడికి పోయేదానికి ఒకటి" అన్నాడు. రాయి తగిలే చోట అంచు విరక్కూడదు, అందుకని కొంచెం మెత్తగా వదులుతాడు. వాడేవాడి పొలం చూసి ఉక్కుని కాలుస్తున్నాడన్నమాట. డిజైన్ గురించి నేను పైన రాసిందంతా ఆయనకి చెప్పబోతే కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు ఉండేది.

నీళ్ళలో ముంచడం నూనె కన్నా ప్రమాదం, పలచని రేకు పగలొచ్చు, అందుకే ఆ పద్ధతిని వంటింటి కత్తికి నేను వాడను. కానీ ఆయన చేతిలో అది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోకుండా, "పల్లెటూరి నాటు పని" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

గట్టిపడ్డాక గ్రైండింగ్. గట్టిపరచక ముందు అంచు దగ్గర దాదాపు మిల్లీమీటరు మందం వదిలిపెట్టాలి, లేకపోతే నూనెలో వంకర తిరుగుతుంది. అంటే చివరి పలచదనమంతా గట్టిపడ్డ ఉక్కు మీద తీయాలి. రేకు వేడెక్కి అంచు నీలం తిరిగిందా, ఓవెన్ దగ్గర పడ్డ శ్రమంతా పోయినట్టే. ఒక లాగు, ఒక మునక. నీళ్ళ బకెట్ పక్కనే. వేళ్ళతో పట్టుకోలేనంత వేడి రానివ్వకూడదు. విసుగు పుట్టే పని. చేత్తో చేసిన కత్తుల్లో చాలావాటికి లావు మిగిలిపోయేది ఇక్కడే. 0.9 దగ్గర "చాల్లే" అనిపిస్తుంది. ఆ "చాల్లే" దగ్గర ఆగిన కత్తికీ 0.3 దాకా వెళ్ళిన కత్తికీ ఫొటోలో తేడా శూన్యం.

పిడికి నేను చింత చేవ వాడతాను. నల్లటి జీర, బరువు, తడికి తట్టుకోవడం. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, పిడుల మీద ఇప్పటికే చాలామంది చాలా రాశారు.

పరీక్షలు మాత్రం కావాలి. ఇత్తడి కడ్డీని వైస్‌లో బిగించి, అంచుని ఏటవాలుగా దాని మీద నొక్కుతూ లాగితే, అంచు కొంచెం వంగి మళ్ళీ నిలబడాలి. వంగి ఉండిపోతే మెత్తన, చిట్లితే పెళుసు. అమెరికాలో కత్తులు చేసే బిల్ మొరాన్ అనే ఆయనా మరికొందరూ కలిసి 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అనే కత్తుల కమ్మరుల సంఘం పెట్టారు. అక్కడ గుర్తింపు కావాలంటే మీ కత్తి వేలాడే అంగుళం లావు తాడుని ఒక్క వేటుతో తెంచాలి, చెక్క దూలాల్ని నరకాలి, ఆ తర్వాత అదే అంచు వెంట్రుకల్ని గీకాలి, చివరికి వైస్‌లో పెట్టి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. పరీక్ష అయ్యేసరికి ఆ కత్తి దేనికీ పనికిరాదు. నాకు నచ్చింది అదే. అందం చూసే పరీక్ష వేరే ఉంది, కానీ ముందు ఇది దాటాలి.

ఈ మొరాన్ గారే 1973లో ఒక ప్రదర్శనలో రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కొట్టిన కత్తులు పెట్టి, వాటికి డమాస్కస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మేది ఈ రకమే. ఒక ఉక్కులో నికెల్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే నికెల్ లేనిది నల్లబడి గీతలు తేలుతాయి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు సర్క్యూట్ బోర్డులు చేసిన ద్రావకమే అది. చక్కటి పనితనమే, కాదనను. కానీ ఆ గీతలకీ కోతకీ సంబంధం లేదు. రెండు మంచి ఉక్కుల్ని కలిపితే రెండు మంచి ఉక్కుల కత్తి వస్తుంది. అంతకన్నా ఎక్కువ కాదు.

అసలు డమాస్కస్ పేరుతో లోకమంతా చెప్పుకున్న ఉక్కు వేరు. దాంట్లో మన తెలుగు నేల వాటా పెద్దది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో, అంటే మూసిన మట్టి పాత్రలో, కరిగించి చేసే ఉక్కు ముద్దల కోసం ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చేవారు. 1820ల నాటికి కూడా అది నడుస్తోంది. దేశాన్ని కొలిచే సర్వే బృందంతో తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ అక్కడి పద్ధతిని రాసిపెట్టాడు. ఆయన చనిపోయాక 1832లో అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుముని లెక్క ప్రకారం కలిపి, మట్టి మూసల్లో మూసి, ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి అక్కడే మకాం వేసి ఉక్కు తయారీ దగ్గరుండి చూసుకునేవాడు. అలాంటి ముద్దలు మధ్య ఆసియాలోనూ తయారయ్యేవి, అన్నీ మనవే అనను. కానీ ఇక్కడి ముద్దలతో అక్కడ ఖడ్గాలు కొట్టారు, పేరు మాత్రం ఒక సిరియా పట్నానికి పోయింది. సొమ్మొకడిది, సోకొకడిది.

నా వాదనకి పనికొచ్చే భాగం ఇక ముందుంది. ఆ ఖడ్గాల మీది అలలు ఎవరూ పైన చెక్కినవి కావు, ద్రావకంతో అంటించినవీ కావు. ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండడం, మూసలో నిదానంగా చల్లబడడం, తక్కువ వేడిలో ఓపికగా సాగగొట్టడం, వీటన్నిటి వల్ల లోపల కార్బైడ్లు (ఇనుమూ కార్బనూ కలిసిన గట్టి రేణువులు) బారులు తీరితే, ఆ బారులే పైన కనపడ్డాయి. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో భారతీయ ఉక్కుని పరీక్షించి రహస్యం అల్యూమినియంలోనూ సిలికాలోనూ ఉందేమో అనుకున్నాడు, అది కాదు. 1998లో అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్, ఫ్లోరిడాలో కత్తులు చేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి రాసిన వ్యాసంలో, ముడి ఇనుములో ఉన్న అతి స్వల్పమైన వెనేడియం లాంటి మూలకాలే ఆ బారుల్ని కూర్చాయని తేల్చారు. పెండ్రే కొలిమి దగ్గర చేసి చూపించకపోతే ఆ ప్రొఫెసర్ లెక్కలకి ఆధారం ఉండేది కాదు. అక్కడ గీత లోపలి పని బయటికి కనపడటం. ఇప్పుడు మనం అమ్ముకునే గీత, లోపలి పనితో సంబంధం లేకుండా బయట కనపడటం. ఒకే పేరుతో రెండూ చెలామణీ అవుతున్నాయి.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. నాలాంటి ఉద్యోగస్థుడు సెలవు రోజున చేసిన కత్తికి వేలల్లో ధర పెట్టి "హ్యాండ్‌మేడ్" అంటే కొంటారు. ఆచారి గారి కొడవలికి ఇరవై రూపాయలు తగ్గించమని బేరమాడతారు. ఆయనదీ చేత్తో చేసిందే, పైగా అంచు నాదాని కన్నా నమ్మదగ్గది. ఆయన దగ్గర లేనివి తోలు ఒర, మంచి లైటింగు, కింద రాసిన నాలుగు ముక్కల కథ. ఈ మాట అంటే కొందరు మిత్రులు "మన పని కళ, వాళ్ళది వృత్తి" అన్నారు. నాకు ఆ తేడా అర్థం కాలేదు. రోజూ అదే పని చేసి, చెడితే వాపసు తీసుకోవాల్సిన మనిషికి ఉన్న జవాబుదారీ మనకి లేదు, అదొక్కటే నాకు కనపడే తేడా.

హాబీ మానెయ్యమని అనడం లేదు, నేనే మానను. ఈసారి ఎవరికైనా చేసిన కత్తి చూపిస్తుంటే, లేదా అమ్ముతుంటే, ఫొటో కింద నాలుగు సంగతులు రాయండి. ఉక్కు పేరు, తెలియకపోతే కమాను కట్ట అని. ఎంత వేడి దగ్గర ముంచి, ఎంత దగ్గర ఎంతసేపు మళ్ళీ వేడిచేశారు. వీపు మందం పిడి దగ్గర ఎంత, మొన దగ్గర ఎంత. అంచు పైన ఎంత. వీలుంటే ఒక క్యారెట్‌ని అడ్డంగా కోసి, ఆ రెండు ముఖాలూ దగ్గర నుంచి తీసిన ఫొటో కూడా జత చేయండి. కొనేవాళ్ళు కూడా ఇవి అడగాలి. చెప్పలేనివాళ్ళ దగ్గర ధర గురించి మాట్లాడటం నేనైతే మానేశాను.